రూపము మార్చు మరబొమ్మలు

ఇటీవల కొన్ని సంవత్సరములనుండి మన విద్యార్థులలో ఒక క్రొత్త అభిరుచి ప్రబలుచున్నది. లారీగానో కారుగానో విమానముగానో ఉన్న యొక బొమ్మను చేతబట్టి, దాని భాగములను ఒక క్రమమున మడచియు విప్పియు త్రిప్పియు, కొద్దిసేపటిలో దానిని కాళ్లు చేతులు గల మరమనిషిగా నిలువబెట్టుదురు. మరల దానిని మునుపటి రూపమునకు దెత్తురు. ఇట్టి బొమ్మలను ఒకదాని వెంట నొకటి కూడబెట్టుచుందురు. బాలురే కాక బాలికలును, వారే కాక ఉద్యోగములు చేయుచున్న పెద్దలును ఈ పనియందు ఆసక్తి చూపుచున్నారు.

దీనినిగూర్చి రెండభిప్రాయములు వినబడుచున్నవి. కొందఱు ఇది కేవలము ధనవ్యయమనియు, చదువునకు శత్రువనియు నిందింతురు. మఱికొందఱు ఇవి కాలము గడచినకొలది ధర పెరుగు వస్తువులనియు, పెట్టె విప్పక దాచినచో లాభము గలుగుననియు చెప్పుదురు. మొదటివారు బొమ్మను చూడకయే నిందించుచున్నారు; రెండవవారు బొమ్మను చూడకయే పొగడుచున్నారు. ఈ రెంటికిని వేఱైన యొక అభిప్రాయమును ఇచట మనవి చేయదలచినాను. సేకరణము యొక్క విలువ బొమ్మల సంఖ్యనుబట్టి గాని వెలనుబట్టి గాని యుండదు. సేకరించినవాడు ఆ బొమ్మనుగూర్చి ఏమి చెప్పగలడు, దానితో ఏమి చేయగలడు, దానిని ఎవరితో పంచుకొనగలడు అనుదానినిబట్టి యుండును.

ముందుగా పేరునుగూర్చి ఒక మాట. ఈ బొమ్మలలో మిక్కిలి ప్రసిద్ధమైనవానికి ట్రాన్స్‌ఫార్మర్లని పేరు. మన యూళ్లలో ఆ మాట అనినతోడనే వీధి చివర రెండు స్తంభములనడుమ గుఱ్ఱుమనుచుండు కరెంటు పెట్టె జ్ఞాపకమునకు వచ్చును. రూపాంతరమను మంచి తెలుగు మాట యొకటి కలదు. కాని క్రైస్తవులమైన మనకు ఆ మాట చెవినబడగానే కొండమీద ముగ్గురు శిష్యులు చూచిన మహిమ స్ఫురించును. ఆటవస్తువునకు అంత పెద్ద మాట తగదు. కావున ఈ వ్యాసమున రూపము మార్చు మరబొమ్మ యనియే వ్రాసెదను.

బొమ్మలు కూడబెట్టుట పరదేశమునుండి వచ్చిన యలవాటని కొందఱు తలంచుచున్నారు. అది నిజము కాదు. సంక్రాంతి దినములలో తెలుగునాట అనేక గృహములలో బొమ్మల కొలువు తీర్చుట మన మెఱిగినదే. బల్లలను మెట్లుమెట్లుగా పేర్చి, వానిపై వస్త్రము పఱచి, అవ్వ కాలమునాటి కొండపల్లి ఏనుగు మొదలు నిన్న తిరునాళ్లలో కొన్న పింగాణి బొమ్మవరకు వరుసగా నిలుపుదురు. అది హిందువుల యాచారము గనుక మన కుటుంబములలో లేదు. ఐనను పొరుగిండ్లలో దానిని చూడనివారు మనలో నుండరు. క్రిస్మసునకు పశువుల పాకను, తొట్టిని, గొఱ్ఱెల కాపరులను చిన్న బొమ్మలుగా తీర్చు క్రైస్తవ గృహములును కలవు.

ఆచారమును ప్రక్కననుంచి సేకరణమను దృష్టితోమాత్రమే చూచినచో, కొలువునందు మూడు మంచి లక్షణములు గానవచ్చును. బొమ్మలను పెట్టెలోనుండి బయటికి దీసి నలుగురికి చూపుట మొదటిది. పేరంటమునకు వచ్చినవారు అడుగగా, ఇది యెక్కడిది, ఎవరు తెచ్చిరి, ఇందలి కథ యేమి అని చెప్పుట రెండవది. తల్లి కాపాడిన బొమ్మను కూతురును, కూతురు కాపాడినదానిని మనుమరాలును భద్రపఱచుట మూడవది. చూపుట, చెప్పుట, కాపాడుట అను ఈ మూడు గుణములే సేకరణమునకు ప్రాణము. పరదేశపు మరబొమ్మలను కూడబెట్టు బాలుడు ఈ మూడింటిని మన పొరుగింటి అవ్వవద్ద నేర్చుకొనవచ్చును.

చెప్పవలెనన్న తెలిసియుండవలెను. కొండపల్లి బొమ్మను తీసికొనుడు. అది తెల్లపొణికి అను మిక్కిలి తేలికయైన కఱ్ఱతో చేయబడును. అవయవములను వేఱువేఱుగ చెక్కి, చింతగింజల జిగురును ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, ఆరిన పిమ్మట రంగులు వేయుదురు. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పి, లక్కలో కలిపిన రంగును ఆ వేడిమితోనే పట్టించి బొంగరములను బొమ్మలను చేయుదురు. ఆకులు, వేళ్లు, గింజలు మొదలగువానినుండి తీసిన రంగులను ఆ బొమ్మలకు మరల అలవాటు చేయుటకై పాటుపడిన చింతలపాటి వేంకటపతిరాజుగారికి 2023వ సంవత్సరమున పద్మశ్రీ బిరుదము లభించెను. ఇంతమాత్రము తెలిసినవాని చేతిలో చిన్న బొంగరమైనను మాటలాడును. తెలియనివాని బీరువాలో నూఱు బొమ్మలున్నను అవి మూగవియే.

ఇక మరబొమ్మల చరిత్రకు వత్తము. మరమనిషిని ప్రపంచమంతటను రోబో యని పిలుచుచున్నారుగదా. ఈ మాటను లోకమునకు పరిచయము చేసినవాడు చెక్ దేశీయుడగు కారెల్ చాపెక్ అను రచయిత. ఆయన 1920వ సంవత్సరమున ప్రకటించి, మరుసటి యేట ప్రాగు నగరమున ప్రదర్శింపబడిన యొక నాటకములో, మనుష్యులకు బదులుగా పనిచేయుటకై కృత్రిమముగా చేయబడిన పనివారికి ఆ పేరు పెట్టెను. పేరును సూచించినవాడు ఆయన సోదరుడు యోసెఫ్. చెక్ భాషలో రోబోతా యనగా ప్రభువునకు రైతు జీతము లేక చేయవలసిన పని. మన భాషలో చెప్పవలెనన్న వెట్టిచాకిరి. ఆ నాటకములో వెట్టిపనివారు తుదకు తిరుగబడి మనుష్యజాతిని నాశనము చేయుదురు. వెట్టి యనగా నేమో తెలిసిన దేశములోని పిల్లలమైన మనము ఈ మాటను నోటబలుకునప్పుడు దాని పుట్టుకను జ్ఞాపకముంచుకొనుట మంచిది.

మరబొమ్మలను లోకమునకు విస్తారముగ పంపినవారు జపానువారు. 1945వ సంవత్సరమున యుద్ధము ముగియునప్పటికి ఆ దేశములోని పట్టణములు బూడిదయై యుండెను. ఇనుము లేదు, పనిముట్లు లేవు. అట్టి సమయమున అమెరికా సైనికులు పారవేసిన రేకు డబ్బాలను ఏరి, కత్తిరించి, చదునుచేసి చిన్న జీపుబండి బొమ్మలను తయారుచేసి అమ్మిరి. తమ్ము జయించినవారి డబ్బాలతోనే వారి బండి యొక్క రూపమును చేసి పిల్లలచేతికిచ్చిరన్నమాట. తరువాతి సంవత్సరములలో పరదేశములకు పోయిన జపాను బొమ్మలపై, ఆక్రమిత జపానులో చేయబడినవని ముద్ర యుండెడిది. 1952లో ఆ యాక్రమణము ముగిసెను. తాళపుచెవి త్రిప్పగా నడచు రేకు మరమనుష్యులు ఆ కాలపు సంతతివారే.

రూపము మార్చు బొమ్మలకు మూలమైన కథలో రెండు కంపెనీలు కలవు. ఒకటి జపానుదేశపు టకారా. దానిని 1955లో యసుతా సాతో అనునాయన స్థాపించెను. రెండవది అమెరికాలోని హాస్‌బ్రో. పోలండునుండి వలసపోయిన హాసెన్‌ఫెల్డ్ అను యూదు సోదరులు 1923లో ప్రావిడెన్సు పట్టణమున గుడ్డపీలికల వ్యాపారముగా దానిని ప్రారంభించిరి. పిమ్మట పెన్సిలు పెట్టెలును, అటుపిమ్మట బొమ్మలును చేసిరి. 1964లో హాస్‌బ్రోవారు జి.ఐ. జో అను సైనికుని బొమ్మను వెలువరించిరి. ఆ బొమ్మను చేయు హక్కును టకారావారు పొంది, దాని దేహమునే ఆధారముగ జేసికొని 1972లో లోపలి యంత్రములు కనబడు పారదర్శకమైన మరమనిషిని కల్పించిరి.

మరుసటి యేట, అనగా 1973లో, అరబ్బు దేశములవారు చమురును బిగబట్టుటచే ప్లాస్టిక్కు ధర పెరిగెను. పెద్ద బొమ్మలు చేయుట కష్టమాయెను. అప్పుడు టకారావారు 1974లో మైక్రోమన్ అను పేరుతో జానెడైన లేని చిన్న బొమ్మలను దెచ్చిరి. ఇబ్బందియే వారికి నేర్పు నేర్పినది. చిన్న దేహములో ఎక్కువ కీళ్లు అమర్చుట వారికి అలవాటాయెను. 1980లో డయాక్లోన్ అను వరుస వచ్చెను. అందు అంగుళమంతటి మనుష్యుడు పెద్ద మరయంత్రములో కూర్చుండి దానిని నడుపును. 1982నుండి ఆ వరుసలో నిజమైన కార్లవలెనుండి మరమనుష్యులుగా మారు బొమ్మలు వెలువడినవి.

ఈ జపాను బొమ్మలను అమెరికాకు చేర్చినవాని చరిత్రను మన విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. ఆయన పేరు హెన్రీ ఒరెన్‌స్టీన్. 1923లో పోలండులో జన్మించిన యూదుడు. నాజీలు ఆయన తలిదండ్రులను, తోబుట్టువులలో ఇద్దరిని చంపిరి. ఆయన అనేక నిర్బంధ శిబిరములలో మృత్యుముఖమునుండి తప్పించుకొని బ్రదికెను. యుద్ధానంతరము అమెరికా చేరి, బొమ్మల పరిశ్రమలో ప్రవేశించెను. చిన్న కారొకటి చేతిలో విమానముగా మారుట చూచి, ఇది పిల్లల నాకర్షించునని గ్రహించి, హాస్‌బ్రోవారిని టకారావారితో కలిపినవాడు ఆయనయే. ఆయన 2021లో మరణించెను. చావుకొట్టములనుండి వెలుపలికి వచ్చిన మనుష్యుడు పిల్లల యాటలకై పాటుపడెననుట చిన్న సంగతి కాదు. బొమ్మ చేతిలోనున్న బాలునికి ఈ సంగతి తెలియనిచో, అతడు దాని పెట్టెను మాత్రమే కొన్నాడనవలెను.

1984లో హాస్‌బ్రోవారు ఆ బొమ్మలకు ట్రాన్స్‌ఫార్మర్లని పేరుపెట్టి విక్రయించిరి. లోపల కూర్చుండు చిన్న మనుష్యుని తీసివేసి, యంత్రమునకే పేరును స్వభావమును మంచిచెడ్డలను కల్పించిరి. జపానులో 1983లో వచ్చిన లారీ బొమ్మ ఆప్టిమస్ ప్రైమ్ అను నాయకుడాయెను. టెలివిజను బొమ్మల కథలును, 2007నుండి పెద్ద సినిమాలును వీని కీర్తిని దేశదేశములకు మోసికొనిపోయినవి. మన పొరుగున చెన్నపట్టణపు ఎం.ఆర్.ఎఫ్. కంపెనీవారును హాస్‌బ్రోవారును కలిసి స్థాపించిన ఫన్‌స్కూలు అను బొమ్మల కంపెనీ 1987లో పని ప్రారంభించెను. ఆ తరము పిల్లలకు పరదేశపు బొమ్మలు మన దేశపు అంగళ్లలోనే దొరకుటకు అది యొక దారి యాయెను. 2006లో టకారా కంపెనీయు, 1924నుండి బొమ్మలు చేయుచున్న టోమీ కంపెనీయు ఏకమై టకారా టోమీ యాయెను.

చరిత్ర ఇట్లుండగా, నిర్మాణమును చూతము. ఒక్క ముక్కను తీసివేయక, ఒక్క ముక్కను చేర్చక, ఉన్న ముక్కలతోనే రెండు రూపములు కలుగవలెననునది ఇందలి నియమము. కారు తలుపు మరమనిషికి భుజము కావలెను. ముందుభాగము ఱొమ్ము కావలెను. చక్రములు మడమలయొద్ద దాగవలెను. ఇందుకై తలుపులకుండు మడతబందువంటి కీళ్లును, గిన్నెలో గుండువలె అన్ని వైపులకు తిరుగు కీళ్లును, సొరుగువలె జరుగు పలకలును, గాడిలో బిగియు నాలుకలును ఉపయోగింతురు. ఏది ముందు, ఏది పిమ్మట అను క్రమము తప్పినచో రూపము కుదరదు. బలవంతము చేసినచో విఱుగును. రేఖాగణితములో ఉపపత్తిని మెట్టుమెట్టుగ నడపుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఓర్పు లేనివాడు రెంటియందును తప్పును.

ఈ నేర్పు మనవారికి తెలియనిది కాదు. తోలుబొమ్మలాటలో మేకతోలు బొమ్మకు భుజమునొద్దను మోచేతియొద్దను దారపు ముడులతో కీళ్లు అమర్చి, కఱ్ఱపుల్లల సాయముతో తెరపై యుద్ధములు చేయింతురు. నిమ్మలకుంటలో నేటికిని ఆ బొమ్మలను చేయువారు కలరు. వానకాలమున పిల్లలు ఒక్క కాగితమును మడచి పడవ చేయుదురు. అదే కాగితమును ఇంకొక విధమున మడచి కత్తిపడవ చేయుదురు. విప్పినచో మరల లెక్కలపుస్తకపు కాగితమే. మన సముద్రతీరపు ఇసుకనేలలలో వేసవి వచ్చెనా, ముంజలు తినిన పిమ్మట మిగిలిన రెండు కాయలకు ఒక పుల్లను ఇరుసుగా గ్రుచ్చి, పంగలకఱ్ఱతో త్రోసికొనుచు పరుగెత్తని పిల్లవాడుండడు. తినుబండారము బండిగా మారుటకంటె గొప్ప రూపపు మార్పు ఏమి కావలెను? మైపాడు మొదలు తూపిలిపాళెమువరకు ఈ బండికి వెల లేదు.

ఆటవస్తువులలోని యీ నేర్పు ఎంతదూరము పోగలదో చెప్పుటకు ఇటీవలి యుదాహరణ మొకటి కలదు. జపాను అంతరిక్షసంస్థవారు స్లిమ్ అను నౌకను చంద్రునిపైకి పంపిరి. అది 2024వ సంవత్సరము జనవరి 20వ తేదీన, జపాను కాలమానము ప్రకారము, చంద్రుని తాకెను. దానిలో సోరా-క్యూ అను చిన్న గోళమొకటి యుండెను. దాని వ్యాసము సుమారు 8 సెంటీమీటర్లు, బరువు సుమారు 250 గ్రాములు. చంద్రుని నేలపై పడినపిమ్మట ఆ గోళము రెండు చెక్కలై విచ్చుకొనెను. ఆ రెండు చెక్కలే చక్రములాయెను. నడుమనుండి కెమేరా లేచెను. ప్రక్కకు తలక్రిందుగ ఒరిగియున్న స్లిమ్ నౌకను అది ఫొటో దీయగా, మఱియొక చిన్న యంత్రముద్వారా ఆ చిత్రము భూమికి చేరెను. ఈ గోళమును అంతరిక్షసంస్థతో కూడి రూపొందించినవారిలో టకారా టోమీ కంపెనీవారును కలరు. తక్కువ బరువులో, తక్కువ చోటిలో, రూపము మార్చు నేర్పు బొమ్మలవారివద్ద నుండెను. శాస్త్రజ్ఞులు సిగ్గుపడక వారి నడిగి తీసికొనిరి.

ఈ సంగతి మనకు దూరపుది కాదు. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోటలో 1971వ సంవత్సరము అక్టోబరు 9న మొదటి రాకెట్టు ఎగిరెను. 2022లో జిల్లాలు మార్చినపుడు ఆ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినను, దాని మ్రోత మన తీరమున పెరిగినవారికి పరిచితమే. అచటనుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగెను. దానిలోనుండి బల్లవలె వాలిన మార్గముమీదుగ ఆఱు చక్రముల ప్రజ్ఞాన్ బండి నేలకు జాఱెను. సూర్యకాంతిని విద్యుత్తుగ మార్చు పలకను అంతకుముందే విప్పుకొనియుండెను. రాకెట్టు శిరస్సులో చోటు తక్కువ. కనుక ఉపగ్రహములు తమ ఱెక్కలను ముడుచుకొని పోయి, పైకి చేరినపిదప విచ్చుకొనును. కారును మరమనిషిగా మార్చు బాలుని వ్రేళ్లు అదే పాఠమును చిన్న రూపమున నేర్చుకొనుచున్నవి.

ఇంతవఱకు వ్రాసినదానినిబట్టి, కోరినన్ని బొమ్మలు కొనిపెట్టుడని నేను చెప్పుచున్నానని తలిదండ్రులు భ్రమపడవలదు. ఈ బొమ్మలు కొన్ని వందలనుండి అనేక వేల రూపాయలవఱకు పలుకుచున్నవి. పరదేశములనుండి వచ్చు బొమ్మలపై నూటికి 20గా నుండిన సుంకమును మన ప్రభుత్వమువారు 2020లో 60గాను, 2023లో 70గాను హెచ్చించిరి. మన పాఠశాలలో చదువు పిల్లలందఱును ఒకే స్థితివారు కారు. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేటకు నిషేధము. వేసవి సెలవులలో పిల్లలకు ఆటలమీద మనసుపోవు కాలమును, వేటకుపోవు తండ్రి చేతిలో డబ్బాడని కాలమును ఒక్కటియే. ఆ దినములలో స్నేహితుని బొమ్మను చూచి వచ్చిన పిల్లవాడు అన్నము మాని యేడ్చినచో, ఆ తల్లి పడు బాధ సేకరించువారి లెక్కలో చేరదు. అది మన లెక్కలో చేరవలెను. కావున, కలిగినవారి పిల్లలు బొమ్మను గొప్పకొఱకు తరగతికి తెచ్చుటను నేను అంగీకరింపను. దాని వెలను బయటబెట్టి చెప్పుట అంతకంటె హీనము.

పెట్టె విప్పక దాచువారితో నాకున్న వాదము ఇంకను గట్టిది. బొమ్మను కొని, ముద్ర చెదరకుండ బీరువాలో నుంచి, ధర పెరుగునని కాచుకొనియుండువాడు దేనిని సేకరించుచున్నాడు? కాగితపు పెట్టెను, రేపటి యాశను. కీళ్లన్నియు కదలుటకై చేయబడిన వస్తువును కదలనీయకుండుట దాని పుట్టుకకే విరుద్ధము. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుడును దానిని చెడగొట్టలేదు, పోగొట్టలేదు. పదిలముగనే తిరిగి యిచ్చెను. ఐనను యజమానుడు మెచ్చలేదు. పాతవస్తువులను చెదరకుండ దాచుట చరిత్రకు మేలుగదా యని యెవరైన అడుగవచ్చును. వస్తుప్రదర్శనశాలలకు అది తగిన పనియే. అచట నలుగురు చూచుటకే దాచుదురు. ఎవరికిని చూపక దాచుటకు ఆ పేరు చెల్లదు.

ఈ బొమ్మల కథలన్నియు యుద్ధములే యని ఉపాధ్యాయులు కొందఱు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణలో సత్యము కలదు. 1984నాటి బొమ్మలలో దుష్టనాయకుడు పిస్తోలుగా మారెడివాడు. ఇంటిలో పెద్దలు ఏరి కొనవలసినదని దీనివలన తెలియుచున్నది. లారీ, అగ్నిమాపక శకటము, రోగులను మోయు బండి మొదలగు రూపములు గల బొమ్మలును కలవు. అట్లే, సంతలో చౌకగా దొరకు నకళ్ల విషయమున జాగ్రత్త పడవలెను. 2021 జనవరి 1నుండి మన దేశమున అమ్ము బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెనని నియమము. ముద్రలేని బొమ్మల రంగులో సీసము ఉండవచ్చును. ఊడిన అయస్కాంతమును గాని బొత్తామువంటి బ్యాటరీని గాని పసిపిల్లలు మ్రింగిరేని ప్రాణాపాయము. తమ్ముడు చెల్లెలు ఉన్న యింటిలో సేకరించువాడు ఈ సంగతిని మొదట నేర్వవలెను.

విద్యార్థులారా, మీకు నేను సూచించు నియమములు కొన్నియే. చేతనున్న బొమ్మనుగూర్చి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినపిమ్మటనే రెండవదానిని అడుగుడు. దీనిని ఎవరు, ఎచట, ఏ కాలమున మొదట చేసిరి? ఇది ఏ కీలుతో ఎట్లు కదలును? ఇది దేనిని పోలియున్నది? విఱిగిన కీలును పారవేయక బాగుచేయుటకు ప్రయత్నింపుడు. ఒక పరదేశపు బొమ్మకు జతగా ఒక ఏటికొప్పాక బొంగరమునైనను, మీ చేతితో చేసిన ముంజకాయల బండినైనను మీ వరుసలో నిలుపుడు. అడిగిన స్నేహితుని చేతికి బొమ్మను ఇండు. ఇయ్యలేని వస్తువును కలిగియుండుటకంటె లేకుండుటయే సుఖము.

పాఠశాలాధికారులకును ఒక మనవి. సంవత్సరమునకు ఒక దినమున, పిల్లల దినోత్సవమైన నవంబరు 14న గాని మఱియొక శనివారమున గాని, మన హాలులో బొమ్మల ప్రదర్శన మొకటి జరుపవచ్చును. ఒక్కొక్కరికి ఒక్క బొమ్మయే. వెల చెప్పరాదు. తెచ్చిన పిల్లవాడు దాని చరిత్రను ఐదు నిమిషములలో చెప్పి, అందఱియెదుట దాని రూపమును మార్చి చూపి, తరువాత దానిని ఎన్నడును ముట్టని యొక విద్యార్థిచేతికిచ్చి, ఓర్పుతో నేర్పవలెను. బహుమానము బొమ్మను చూచి కాక, చెప్పినతీరును నేర్పినతీరును చూచి ఇయ్యవలెను. ముంజకాయల బండికిని జపాను బొమ్మకును ఒకే బల్లపై చోటు కలుగవలెను. ఆనాడు బహుమానము వేటకు పోవువారి పిల్లవానికి దక్కినచో ఆశ్చర్యపడనక్కఱలేదు. ఎందుకనగా తన బండిని తానే చేసినవాడు అతడే.

పండుగకు ముందుగా మన వసతిగృహములోని చిన్నపిల్లలకు బొమ్మలు ఇచ్చు వాడుక కలదు. పనికిరాని విఱిగినవానిని కాక, ఇంకను ఇష్టమున్న బొమ్మ నొకదానిని ఇచ్చుటకు సేకరించువారు ముందుకు రావలెను. ఇచ్చునప్పుడు దాని కథను, దానిని మడచు క్రమమును ఒక కాగితముపై వ్రాసి జతపఱచుడు. పుచ్చుకొన్న పిల్లవాడు ఒక బొమ్మనే కాక, దానిని చేసిన దూరదేశపు చేతులను, దానిని మోసికొనివచ్చిన మనుష్యుల కష్టమును, తన్ను జ్ఞాపకముంచుకొన్న యొక అన్నను పొందును. లెక్కలో ఇచ్చినవాని బొమ్మలు ఒకటి తగ్గును. సేకరణము మాత్రము తగ్గదు.